మక్కా మసీదును రాయి పట్టి చూడటం ఎలా

చార్మినార్ దగ్గర దిగినవాళ్లలో చాలామంది మక్కా మసీదును పావుగంటలో ముగించేస్తారు. పావురాలకు గుప్పెడు జొన్నలు, హౌజ్ (నీటి కొలను) పక్కన ఒక ఫొటో, చెప్పులేసుకుని లాడ్‌బజార్‌కు. కట్టడం కొండంత ఉంటుంది గానీ కంటికి ఆనే నగిషీ తక్కువ. అందుకే ‘ఇందులో చూడ్డానికి ఏముంది’ అనిపిస్తుంది. చూసే వరస తెలిస్తే అలా అనిపించదు.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. చార్మినార్ ఒంటి మీద ఉన్నది గచ్చు, అంటే మలిచిన సున్నపు పూత. మక్కా మసీదు ఒంటి మీద ఉన్నది నల్లసేనపు రాయి, అంటే మన చుట్టూ గుట్టల్లో దొరికే గ్రానైటే. రెండూ ఒకే వంశం మొదలుపెట్టినవి, నడిస్తే రెండు నిమిషాల దూరంలో ఉన్నవి. ఒకటి అంత ముస్తాబుగా, మరొకటి ఇంత మౌనంగా ఎందుకున్నాయో, ఒకటి కొద్ది ఏళ్లలో లేచి మరొకటి 77 ఏళ్లు ఎందుకు పట్టిందో, ఇవాళ ఏది ఎలా పాడవుతోందో అన్నీ ఈ తేడాలోంచే బయటికొస్తాయి.

వెళ్లే వేళ

మసీదు ముఖం తూర్పుకు ఉంటుంది. నమాజు చేసేవాళ్లు పడమర వైపు నిలబడాలి కాబట్టి హైదరాబాద్‌లో ఏ మసీదుకైనా అంతే. కనుక పొద్దున 7 నుంచి 9 దాకా ముఖం నిండా ఎండ పడుతుంది, రాళ్ల అతుకులు, రంగు తేడాలు స్పష్టంగా కనిపిస్తాయి. కానీ ఆ ఎదురు ఎండలో చెక్కడం మాత్రం చదునుగా, ఏమీ లేనట్టు ఉంటుంది. చెక్కడం చూడాలంటే 11 ప్రాంతంలో రావాలి. అప్పుడు ఎండ పైనుంచి గోడ మీదుగా జారుతుంది, ప్రతి పువ్వు కిందా చిన్న నీడ పడుతుంది. మధ్యాహ్నం దాటిందంటే ముఖమంతా నీడలోకి పోతుంది. సాయంత్రం ఫొటోలు తీసి ‘నల్లగా వచ్చింది’ అనుకునేవాళ్ల తప్పు ఇదే.

కాబట్టి ఏడున్నరకు మసీదు వాకిట్లో ఉండండి. తొమ్మిదిన్నరకు చార్మినార్ టికెట్ కౌంటర్ తెరుస్తారు, పైకెక్కి దిగండి. పదకొండుకు మళ్లీ మసీదుకు వచ్చి, జొహర్ (మధ్యాహ్నపు) నమాజుకు జనం చేరకముందే బయటపడండి. శుక్రవారం వద్దు. రంజాన్ నెలలో పొద్దున ఫర్వాలేదు గానీ ఆఖరి శుక్రవారం చార్మినార్ చుట్టూ రోడ్లే నమాజు చోటుగా మారతాయి, ఆ రోజు అసలే వద్దు. 2007 మే 18 పేలుడు తర్వాత నుంచీ గేటు దగ్గర తనిఖీ గట్టిగా ఉంటుంది, పెద్ద బ్యాగులు తేకండి. మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు వేసుకోండి. ప్రార్థన హాలు గడప దగ్గర ఎవరైనా ఆపితే వాదించకండి. చూడాల్సినదాంట్లో ముప్పాతిక వంతు వాకిట్లోంచే కనిపిస్తుంది. ఎండాకాలమైతే మేజోళ్లు వేసుకు రండి, పదకొండుకు ఆ బండల మీద కాలు నిలవదు.

వాకిట్లో: కొలిచి చూడండి

ముందుగా ముఖానికి ఆ చివర నుంచి ఈ చివరకు అడుగులు వేయండి. పుస్తకాల్లో ప్రార్థన హాలు వెడల్పు 220 అడుగులు, లోతు 180, ఎత్తు 75 అని ఉంటుంది. మామూలు నడకలో ఒక అంగ రెండున్నర అడుగులు, అంటే దాదాపు 88 అంగలు. లెక్క పెట్టి నడిచినప్పుడుగానీ ఈ కట్టడం పరిమాణం ఒంటికి తెలియదు.

ఎత్తుకు ఒక కిటుకు ఉంది. గోడ నుంచి వెనక్కి 28 అంగలు నడవండి, అంటే 70 అడుగులు. ఫోన్‌లో వాలు చూపే యాప్ తెరిచి పిట్టగోడ అంచుకు గురిపెట్టండి. 45 డిగ్రీలు చూపిస్తే ఆ అంచు మీ కంటి నుంచి 70 అడుగులు పైన ఉన్నట్టు. నేల నుంచి కంటి దాకా ఉన్న అయిదడుగులు కలుపుకోండి. ఎక్కువో తక్కువో వస్తే ముందుకో వెనక్కో జరిగి, 45 వచ్చిన చోట అంగలు మళ్లీ లెక్కపెట్టండి.

దిక్కు కూడా చూడండి. హైదరాబాద్ నుంచి మక్కా సరిగ్గా పడమర కాదు. పడమర 270 డిగ్రీలైతే మక్కా దాదాపు 283, అంటే కాస్త వాయవ్యానికి. కట్టడం ఎటు తిరిగి ఉందో ఫోన్ దిక్సూచితో సరిచూసుకోవచ్చు. ఇనుప కమ్ముల పక్కన నిలబడి చూస్తే ముల్లు తప్పుతుంది, వాకిలి నడిమధ్యకు వెళ్లి చూడండి.

ఇక కమానులు. ముఖాన అయిదు, లోతుకు మూడు వరసలు, అంటే లోపల పదిహేను గదుల లెక్క. పడమటి గోడ మాత్రం మూసి ఉంటుంది, అందులోనే మిహ్రాబ్, అంటే మక్కా దిక్కు చూపే నమాజు గూడు. కమాను అన్నది ఊరికే నిలబడదు, పైబరువును తీసుకుని రెండు పక్కలకూ నెడుతుంది. అయిదు కమానులు చేయి చేయి పట్టుకున్నట్టు వరసగా ఉంటే లోపలివాటి తోపులు ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. అటు చివరి కమానును, ఇటు చివరి కమానును ఎవరు ఆపాలి? ముఖానికి రెండు కొసలా ఉన్న ఎనిమిది పలకల బురుజుల్లాంటి స్తంభాలు చూడండి. అవి అలంకారానికి పెట్టినవి అనుకుంటారు చాలామంది. అంత బరువు ఆ మూలల్లో లేకపోతే చివరి కమానులు విచ్చుకుపోతాయి.

ఆ స్తంభాల నెత్తిన కమానుల వసారా, దాని మీద చిన్న గుంబజ్ (గుమ్మటం). ఇంత కట్టడానికి ఆ మినార్లు పొట్టిగా అనిపిస్తాయి, అనిపించాలి కూడా. సుల్తాన్ మహమ్మద్ కుతుబ్‌షా 1617లో శంకుస్థాపన చేశాడు. ఆయన 1626లో పోయాడు. అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో, తర్వాత అబుల్ హసన్ తానాషా కాలంలో పని నడుస్తూనే ఉంది. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు, 1694లో పని ముగిసిందనిపించాడు. కుతుబ్‌షాహీల చేతిలో ముగిసుంటే మినార్లు ఎలా ఉండేవో ఊహించాలంటే తల కాస్త తిప్పి చార్మినార్‌ను చూడండి చాలు. పని చూసినవాళ్లుగా మీర్ ఫైజుల్లా బేగ్, రంగయ్య చౌదరి అన్న పేర్లు నిలిచాయి. ఎనిమిది వేల మంది పని చేశారని చెబుతారు.

77 ఏళ్లు పట్టడానికి రాజులు మారడం ఒక్కటే కారణం కాదు, రాయి కారణం. 17వ శతాబ్దం మధ్యలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే ఈ పనిని కళ్లారా చూసి రాశాడు. పాపం, మసీదును ‘పగోడా’ అన్నాడు. నమాజు గూడుకు వాడిన రాయి ఒకే బండ అనీ, దాన్ని గని నుంచి తీయడానికే అయిదేళ్లు పట్టిందనీ, 500 నుంచి 600 మంది విడవకుండా పనిచేశారనీ, లాగి తేవడానికి 1,400 ఎడ్లు కావాల్సి వచ్చాయని తనకు చెప్పారనీ ఆయన మాట. ఇదే మాట ఇవాళ గైడ్ల నోట ‘ముఖాన ఉన్న కమానులన్నీ ఏకశిల’ అయి కూర్చుంది. ఆయన రాసింది గూడు గురించి. కమానుల సంగతి మీరే తేల్చుకోండి: పొద్దుటి ఎండలో ఒక్కో కమాను అంచు వెంట కన్ను నడిపించి, సన్నటి గీతల్లా అతుకులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. అతుకు సందున వెంట్రుకంత సున్నం కనిపిస్తే అక్కడ ఒక రాయి ముగిసి ఇంకొకటి మొదలైనట్టే. బైనాక్యులర్స్ ఉంటే తెచ్చుకోండి, లేకపోతే ఫోన్ జూమ్ చాలు.

మక్కా మట్టితో చేసిన ఇటుకలు మధ్య కమానులో పెట్టారని, పేరు అందుకే వచ్చిందని అంటారు. ఆ ఇటుకల కోసం వెతక్కండి. మీకు కనిపించేదంతా రాయే.

హౌజ్ దగ్గరి రాతి బెంచీ మీద కూర్చున్నవాళ్లు మళ్లీ హైదరాబాద్ వస్తారని ఒక నమ్మకం. ఊళ్లోనే ఉండేవాళ్లు కూడా కూర్చుంటారు, అది వేరే సంగతి.

ముఖానికి ఎదురుగా నిలబడితే ఎడమ చేతి వైపు, అంటే దక్షిణాన, పొడవాటి మండపంలో తెల్లటి చలువరాతి సమాధులు ఉన్నాయి. నిజాం అలీఖాన్ నుంచి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దాకా ఆసఫ్‌జాహీలు ఇక్కడే. వాకిట్లోనే మూడు కాలాలు ఎదురెదురుగా ఉన్నాయన్నమాట, మొదలు కుతుబ్‌షాహీ, ముగింపు మొఘల్, పక్కన ఆసఫ్‌జాహీ. మొదటి నిజాం ఖుల్దాబాద్‌లో, ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కింగ్‌కోఠి ఎదుటి జూదీ మసీదులో ఉన్నారు కాబట్టి వాళ్ల కోసం ఇక్కడ వెతికితే దొరకరు. 2023 జనవరిలో ఏడో నిజాం మనవడు ముకర్రం జాను ఇక్కడే ఖననం చేశారు.

శాసనంలో ఏడాది కనిపెట్టడం

పాతబస్తీ మసీదుల మీద హిజ్రీ, అంటే ముస్లిం పంచాంగపు ఏడాదే ఉంటుంది. దాన్ని 0.97తో హెచ్చవేసి 622 కలపండి, ఒక ఏడాది అటూ ఇటూగా మన సంవత్సరం వస్తుంది. చార్మినార్‌కు ఈశాన్యాన ఉన్న జామా మసీదుది 1006. హెచ్చవేస్తే 975.8, కలిపితే 1597.8. అది కట్టింది 1597లో. చార్మినార్ 1591 అనడం వెనకా ఇదే లెక్క, ఆ ఏడాదే హిజ్రీ వెయ్యో సంవత్సరం మొదలైంది.

తప్పు జరిగేది అంకెలు చదివేటప్పుడు. అరబ్బీ లిపిలో సున్నా ఒక చుక్క, మన సున్నాలా గుండ్రంగా కనిపించేది అయిదు. చుక్కను రాతి గాటు అనుకుని వదిలేస్తే 1082 కాస్తా 182 అయిపోతుంది. అయిదును సున్నా అనుకుంటే యాభై ఏళ్లు ఎగిరిపోతాయి. అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడిచినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి. కొన్ని చోట్ల అసలు అంకెలే ఉండవు. ఒక పద్యపాదంలో అక్షరాల విలువలు కూడితే ఏడాది వచ్చేలా రాస్తారు. అలాంటిది ఎదురైతే ఫొటో తీసుకుని ఉర్దూ, ఫార్సీ తెలిసిన పెద్దాయన ఎవరికైనా చూపించడమే మార్గం.

పైనుంచి, ఆ తర్వాత కార్వాన్‌కు

చార్మినార్ మొదటి అంతస్తు నైరుతి మూల నుంచి మక్కా మసీదు కప్పు, వాకిలి కనిపిస్తాయి. హాలు మీద పెద్ద గుంబజ్ లేదని అప్పుడు గమనిస్తారు. లోపలి కప్పు కమానుల మీద గుండ్రంగా తేలి ఉంటుంది, బయటికి మాత్రం చదును మిద్దె. ఆ చదునే వానాకాలంలో మసీదుకు పెద్ద తలనొప్పి, దాని సంగతి కింద.

దిగేముందు చార్మినార్ గచ్చుపనిని చేతికందేంత దగ్గరలో ఒకచోట నిదానంగా చూడండి. ఒక పువ్వును ఎంచుకోండి. రేకు అంచులు కోసినట్టు పదునుగా ఉంటాయి, రేకు నడుమ మాత్రం బొటనవేలితో నొక్కినట్టు నున్నగా పల్లంగా ఉంటుంది. తడి సున్నం మీద పనిముట్టు నడిచిన జాడ అది. ఇప్పుడు మక్కా మసీదుకు తిరిగి వెళ్లి పదకొండు గంటల ఎండలో కమానుల పైనున్న పువ్వుల పట్టీని చూడండి. అక్కడ పల్లం ఉండదు, ఉలి దెబ్బల గరుకు ఉంటుంది. లోతు కూడా తక్కువ. ఒక రేకు తీయడానికి గచ్చు మేస్త్రీకి పట్టే సమయం, రాయి చెక్కేవాడికి పట్టే సమయం పక్కపక్కన పెట్టుకుంటే మసీదు మీద నగిషీ ఎందుకు తక్కువో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఓపిక ఉంటే పురానాపూల్ మీదుగా కార్వాన్‌లోని తోలి మసీదుకు వెళ్లండి. 1671లో మూసాఖాన్ మహల్దార్ కట్టించాడు. మక్కా మసీదు మీద ఖర్చయ్యే ప్రతి రూపాయికీ ఒక దమ్డీ (చిన్న నాణెం) ఆయనకు దక్కేదని, ఆ డబ్బుతో కట్టాడని కథ, అందుకే దమ్డీ మసీదు అని కూడా అంటారు. బయటి వసారాకు అయిదు కమానులు, లోపలిదానికి మూడు. పెద్ద మసీదులో రాయి ఒప్పుకోని ముచ్చట్లన్నీ ఇక్కడ గచ్చులో తీర్చుకున్నారు. మూడింటిలో కంటికి విందు ఇదే, కానీ మక్కా మసీదు చూశాక చూస్తేనే.

ఎక్కడ పాడవుతుందో చూడటం

2019 మేలో చార్మినార్ మినార్ నుంచి గచ్చు పెచ్చు ఊడి కింద పడింది. గచ్చుకు చావు అలాగే వస్తుంది: ఎక్కడో సన్నటి పగులు, అందులోకి వాన, రాయికీ గచ్చుకూ మధ్య పట్టు పోయి డొల్ల, చివరికి ఒకరోజు పెచ్చు. రాతి కట్టడం అలా రాలదు, అతుకుల్లోంచి, కప్పులోంచి ఉరుస్తుంది.

మీ బస్తీలో పాత మసీదుకు గానీ, దర్గాకు గానీ, ఆ మాటకొస్తే పాత గుడికి గానీ బాధ్యత మీదైతే మే నెలలో, తొలకరికి ముందే ఇవి చూడండి. మిద్దె మీద నీళ్లు పోయే తూములు: పావురాల ఈకలు, రెట్టలు, ఆకులు చేరి మూసుకుపోతాయి. ఒక్క తూము మూసుకుంటే కప్పు చెరువవుతుంది. ప్రతి తూములో ఒక బకెట్ నీళ్లు పోసి కింద ఎంతసేపటికి పడుతున్నాయో చూడండి. రావి మొక్క: చిన్నదే కదా అని పట్టి పీకితే వేరుతోపాటు రాయి కదులుతుంది. మొదలు దగ్గర కోసి, మోడుకు మందు పెట్టి, వేరు చచ్చాక సందును సున్నంతో నింపాలి. గోడను వేలి కణుపుతో తట్టండి: ఖంగుమంటే గట్టిది, డబడబలాడితే లోపల డొల్ల. డొల్ల ఉన్న చోటల్లా సుద్దతో గీత గీసి ఫొటో తీసి పెట్టండి, వచ్చే ఏడాది గీత దాటి పాకిందో లేదో తెలుస్తుంది.

తర్వాత కమిటీ సమావేశంలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: ‘రెండు బస్తాల సిమెంటు తెచ్చి పూసేద్దాం.’ పాత సున్నపు కట్టడానికి జరిగే పెద్ద అపకారం ఇది. సున్నం గోడ తడిని పీల్చి మళ్లీ బయటికి వదులుతుంది. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. లోపలి తడిలోని ఉప్పు సిమెంటు వెనకాల పలుకులు కట్టి, పాత సున్నాన్ని పిండి పిండి చేస్తుంది. రెండు మూడు వానాకాలాల తర్వాత సిమెంటు పలకలా ఊడుతూ, తనతోపాటు నాలుగు వందల ఏళ్ల గచ్చును కూడా తీసుకుపోతుంది. మిద్దె మీద కాంక్రీటు పొర వేసినా ఇదే కథ, పైగా బరువు అదనం. ఇదివరకు ఎవరైనా పూశారేమో తెలుసుకోవాలంటే నాణెం అంచుతో గీరండి. సున్నం తెల్లగా, మీగడ రంగులో పొడి రాలుతుంది, నడుమ తెల్లటి పలుకులు కనిపిస్తాయి. సిమెంటు బూడిద రంగులో ఉండి నాణేన్నే గీస్తుంది.

గార ఇలా కలపాలి. సున్నాన్ని నీళ్లలో మురగబెట్టడం కనీసం మూడు వారాలు, ఎంత ఎక్కువైతే అంత మేలు. కరక్కాయ నలగ్గొట్టి, బెల్లంతో కలిపి వేరే తొట్టిలో పది, పదిహేను రోజులు ఊరబెట్టి, ఆ నీళ్లను వాడాలి. బెల్లం వల్ల గార సాగుతుంది, కరక్కాయ వల్ల పట్టు వస్తుంది. లోపలి పొరకు సున్నం ఒక పాలు, జల్లించిన ఇసుక రెండు పాళ్లు, కావాలంటే ఇసుకలో కొంత తగ్గించి ఇటుక పొడి కలపొచ్చు. పైపొరకు సున్నం, సన్న ఇసుక సమపాళ్లు. ఇదంతా గానుగలో తిరగాలి, పారతో తిప్పితే చాలదు. డంగు సున్నం అనేది అందుకే. ఒక్కో పొర 10–12 మిల్లీమీటర్లు మించకూడదు. తొందరపడి ఒకేసారి మందంగా వేస్తే జారుతుంది, లేదా ఎండి నెర్రెలిస్తుంది. గార వేసేముందు గోడను బాగా తడపాలి, పొడి రాయి గారలోని నీళ్లు తాగేస్తే పట్టు ఉండదు. మిద్దె మీదైతే సున్నపు కంకర పరిచి దిమ్మిసలతో కొట్టాలి, నెమ్మదిగా, రోజుల తరబడి, దిమ్మిస ఎగిరి పడేదాకా.

ఏప్రిల్, మే ఎండల్లో పైపొర వేయకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. ఎప్పుడు వేసినా తడి గోనె సంచులు కప్పి కనీసం పది రోజులు ఆరనివ్వకూడదు. పని ఒప్పుకున్న మేస్త్రీ మూడో రోజే గోనెలు తీసేసి రంగు వేస్తానంటే వద్దనండి.

పని మొదలెట్టే ముందు వక్ఫ్ బోర్డు కాగితాలు సరిచూసుకోండి. చార్మినార్ లాంటి కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం కుదరదు. ఆ పైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. మరమ్మతుకైనా ముందు అడిగి, రాతపూర్వకంగా తీసుకుని, తర్వాతే గానుగ ఆడించండి.